పులుపడిగిన ఏరు

అనగనగా, మన అవ్వల అవ్వలు ఉయ్యాల్లో ఊగే కాలాన, ఒక ఏటి గట్టున అద్దకం వాళ్ళ ఊరు ఉండేది. ఆ ఊళ్ళో నాంచారి అనే ముసలమ్మ ఉండేది. లక్క ఎరుపు అద్దిన గుడ్డల్ని ఏట్లో జాడించడం ఆమె పని. గుడ్డలు మెరిసేవి, ఊరు మురిసేది. ఏరు మాత్రం ఎర్రగా పోయేది.

ఏటి దిగువన, కింది ఊళ్ళో నాంచారి కూతురు కోటమ్మ కాపురం. ఒకరోజు కోటమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, నీ మనవరాలు నీళ్ళు ముట్టడం లేదే. ఏరంతా నెత్తురని ఏడుస్తోంది. నాలుక పిడచకట్టుకుపోయింది."

నాంచారి గుండె నీరైపోయింది. పిల్ల తాగాల్సిన నీళ్ళు తన చేతుల్తోనే ఎర్రబడ్డాయి మరి. ఏటి పక్కన గుంట తవ్వి, ఇక జాడింపు ఇందులోనే అంది. గుంట నీళ్ళు ఏట్లోకి పోయే గండిలో, రంగు పట్టి ఆపుతాయని పాత నూలు గుడ్డలు కుక్కింది. నీళ్ళు వాటిలోంచి జారిపోయాయి. ఏరు మాత్రం ఎర్రగా పోయింది.

రంగు పట్టాలని అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెడతారు. ఈసారి పాత గుడ్డల్నీ అలాగే నానబెట్టి, ఎండబెట్టి కుక్కింది. మురికి వదలాలంటే బూడిదేనని పుట్టినప్పట్నుంచీ విన్నది కదా, గుంటలో తట్టెడు బూడిద కూడా పోసింది. ఎవరైనా అదే చేస్తారు లెండి. ఏరు మాత్రం ఎర్రగా పోయింది.

అలసిపోయి, మిట్టమధ్యాహ్నం జాడించే బండ మీదే కునుకు తీసింది. కలలో ఏరు వచ్చింది. నెల తప్పిన పిల్లలా, తడిజుట్టుతో, పక్కన కూర్చుంది.

"బూడిద వికారంగా ఉందమ్మా. పుల్లగా ఏమైనా పెట్టవూ?"

నాంచారి లేచింది. వేవిళ్ళప్పుడు కోటమ్మకు ఏం పెట్టిందో గుర్తొచ్చింది. బూడిద నీళ్ళు ఇసుకలోకి తోడిపోసింది. కొత్తగా జాడించిన నీళ్ళలో చింతపండు పిసికింది. పాలగుడ్డలు మెల్లగా ఎర్రబడ్డాయి. గండి దాటిన నీళ్ళు తేటగా పోయాయి.

నాంచారి కింది ఊరి రేవుకు నడిచింది. మనవరాలి ఎదుట ముందు తాను దోసెడు తాగింది. పిల్ల రెప్పవేయకుండా చూసింది. తర్వాత తన చేతులు చాచింది.

ఎరుపెక్కిన పాలగుడ్డల్ని విడిగా తొట్టిలో బూడిద నీళ్ళలో వేస్తే రంగు వదిలేవి, మళ్ళీ గండిలోకి వచ్చేవి. నాంచారి ఉన్నన్నాళ్ళూ అలాగే తిరిగాయి. ఆమె పోయిన రోజు మాత్రం ఒక గుడ్డను రంగు వదిలించకుండా ఆమె మీద కప్పారు.

ఇప్పటికీ ఆ ఏటి వెంట అద్దకం వాళ్ళు గుంటలో చింతపండు పిసుకుతూ "ఏటికి వేవిళ్ళు, నాంచారీ" అంటారు. సాయంత్రం ఒకరు కింది రేవుకు నడిచి, దోసెడు తాగి చూపిస్తారు. అక్కడ ఒక పిల్ల చేతులు చాచాకే, పై ఊళ్ళో గుడ్డలు మడతపెడతారు.