బాతుపిల్లను ఎత్తుకున్న కంచుబొమ్మ

అనగనగా సముద్రాల అవతల ఫ్రాన్సు అని ఒక దేశం. అక్కడ ఒక ఊళ్ళో ఎమీల్ అనే శిల్పి ఉండేవాడు. గొప్పవాళ్ళు ఇంట్లో అందానికి పెట్టుకునే కంచుబొమ్మలు చేసేవాడు. అతని భార్య అదెల్. వాళ్ళకి కొలెత్ అని ఒక్కగానొక్క కూతురు. నీ ఈడేనమ్మా. నీలాగే కుదురు లేదు దానికి.

ఊరందరికీ బొమ్మలు చేశాను, నా బంగారుతల్లిది ఒక్కటీ చెయ్యలేదే అనుకున్నాడు ఎమీల్. కూతుర్ని పీట మీద కూర్చోబెట్టాడు. అది ఆవులించింది. అప్పుడు నిలబెట్టాడు. అది తుర్రుమంది. ఆ తర్వాత పెరట్లోంచి బాతుపిల్లని తెచ్చి దాని చేతుల్లో పెట్టాడు. బాతుపిల్ల రెక్కలు టపటపలాడించింది. కొలెత్‌కి చక్కిలిగింత పుట్టి పకపకా నవ్వింది.

ఆ నవ్వునే పట్టుకున్నాడు ఎమీల్. కంచులో పోతపోసి, చలిమంట వేసుకునే గూటి పైన పెట్టాడు. వచ్చినవాళ్ళంతా ఆ బొమ్మ బుగ్గ నిమిరి వెళ్ళేవాళ్ళు.

అప్పుడు ఆ దేశపు రాజుగారికి యుద్ధం వచ్చిపడింది. ఫిరంగులు చెయ్యాలని సిపాయిలు ఇంటింటికీ తిరిగారు. మొదట వంటింట్లో గిన్నెలు పట్టుకుపోయారు. ఆ తర్వాత తలుపుల గొళ్ళేలు ఊడబీక్కుపోయారు. ఇక ఈసారి కంచుబొమ్మలే! ఎమీల్ ఊరందరికీ చేసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే కొలిమిలో కరిగిపోయాయి.

ఎమీల్ తల పట్టుకుని కూలబడ్డాడు.

"లేవండి! సున్నం కలపండి!" అంది అదెల్.

ఇద్దరూ కలిసి బొమ్మకి గబగబా సున్నం కొట్టారు. అది ఆరనే లేదు, మీసాల జమేదారు గుమ్మంలోకి వచ్చేశాడు. సిపాయిల్ని బయటే ఉంచి తానొక్కడూ లోపలికి వచ్చాడు.

"ఇదేమిటి?"

"సున్నపు బొమ్మండీ," అంది అదెల్.

జమేదారు బొమ్మ బుగ్గని వేలితో రుద్దాడు. వేలికి తెల్లగా అంటుకుంది. ఆ చోట కంచు తళుక్కుమంది.

జమేదారు బొమ్మని చూశాడు. అమ్మ చాటున దాక్కున్న కొలెత్‌ని చూశాడు. నెమ్మదిగా వంగి అడిగాడు.

"నీ బాతుపిల్ల పేరేంటమ్మా?"

"బొద్దు," అంది కొలెత్.

ఆయన మీసాల్లోనే నవ్వుకున్నాడు. వేలు చొక్కాకి తుడుచుకుని బయటికి వెళ్ళాడు.

"ఉత్త సున్నపు బొమ్మ. పదండి!" అని సిపాయిలకి చెప్పాడు.

ఎమీల్ కూతుర్ని కావిలించుకుని వలవలా ఏడ్చేశాడు. అదెల్ మాత్రం వేడివేడి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి, వీధిలోకి పరుగెత్తి, జమేదారు చేతిలో పెట్టింది.

"మీ పాపకివ్వండి."

"నాకు పాప ఉందని నీకెవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పాలా బాబూ!" అంది అదెల్.

జమేదారు ఆ రొట్టెని కోటు లోపల, గుండెకి ఆనించి దాచుకుని వెళ్ళిపోయాడు.

కంచుబొమ్మ గూటికి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్రకి,
నువ్వేమో నా ఒడికి.