వకుళ తెచ్చిన వెన్న కేకు

వకుళ తెచ్చిన వెన్న కేకును ఎస్తేరు కావాలనే ఫ్రిజ్‌లో పెట్టింది. పొద్దున ఏడింటి నుంచి ఆ మాట ఆమె గొంతులోనే ఉంది.

వెన్న కేకు చలికి చెక్కలా బిగుసుకుంటుంది. నూనె కేకు ఎంత చలిలో పెట్టినా మెత్తగానే ఉంటుంది. ఆరేళ్ల కిందట ప్రొద్దుటూరులో ఖాసిం ఉస్తాద్ బేకరీలో పనికి చేరినప్పుడు ఎస్తేరు నేర్చుకున్న మొదటి పాఠాల్లో అదొకటి. తను చేసింది నూనె కేకు. రెండింటినీ ఒకే అరలో పక్కపక్కనే పెట్టింది. వేలెత్తి చూపడానికి ఎవరికీ వీల్లేదు.

ఆ ఊళ్లో ఒక బడి వాళ్లకి నెలనెలా పిల్లల పుట్టినరోజులకు కేకులు కావాలి. హెడ్మిస్ట్రెస్ విమలమ్మ ఇద్దరిని అనుకుంది. ఒకరు సొంతంగా పని మొదలుపెట్టాలని చూస్తున్న ఎస్తేరు. రెండో మనిషి వకుళ. ఇంట్లో కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టి ఆమెకింకా రెండు నెలలు కూడా కాలేదు. రుచి చూడ్డానికి ఉస్తాద్ బేకరీకే వస్తానంది విమలమ్మ. కేకుల విషయంలో ఆ ఊరికి ఆయన మాటే ఆఖరి మాట.

పొద్దున ఏడింటికి వకుళ స్టీలు డబ్బా రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"ఫోన్లో చూసి నేర్చుకున్నదేనక్కా. ఎక్కడ పెట్టాలో, ఎట్లా ఉంచాలో నాకేం తెలుసు. నీ చేతిలో పెట్టి పోతున్నా."

"నేను చూసుకుంటాలే" అంది ఎస్తేరు.

పదకొండింటికి విమలమ్మ ఇంకో టీచరును వెంటబెట్టుకుని వచ్చింది. ఎస్తేరు కేకు తిని ఇద్దరూ తలూపారు. వకుళ కేకు నోట్లో పెట్టుకున్న విమలమ్మ నమలడం ఆపింది.

"మా పిల్లలవి పాలపళ్లు తల్లీ. దీనికి ఊడొస్తాయి."

"దసరాకి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు మేడమ్" అంది పక్క టీచరు. "పాడయ్యేది కాదు."

వకుళ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఇంట్లో మెత్తగానే ఉండిందండీ. ఎక్కడ తప్పినానో" అంది మెల్లగా. ఎస్తేరు శుభ్రంగా ఉన్న కత్తినే మళ్లీ తుడుస్తూ నిలబడింది.

"మీరేమంటారు ఉస్తాద్?" అడిగింది విమలమ్మ.

"నేనింకా తినలేదమ్మా."

"మీ ముందే ఉన్నాయి కదా?"

"నాలుగింటికి ఫోన్ చేయిస్తా."

వాళ్లు వెళ్లిపోయారు. వకుళ ఖాళీ డబ్బా మరిచిపోయి వెళ్లి, మళ్లీ వచ్చి తీసుకుపోయింది. ఎవరి మొహమూ చూడలేదు.

ఉస్తాద్ షట్టరు సగం దించాడు. రెండు కేకుల నుంచీ ఒక్కో ముక్క పళ్లెంలో పెట్టి, పొయ్యి పక్కన గోరువెచ్చటి గట్టు మీద ఉంచాడు.

"కూర్చో బిడ్డా."

"బన్నుల పిండి పొంగిపోతోంది ఉస్తాద్."

"పొంగనీ."

కూర్చుంది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఆయన ఆమెను చూడటంలేదు, పళ్లెం వైపే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

"దేనికోసం ఉస్తాద్ ఇట్లా కూర్చోవడం?"

"చలికి బిగిసిన వెన్న మేలుకోవాల."

అరగంటకు ఆయన లేచి, వేణ్ణీళ్లు గ్లాసులో పోశాడు. రుచి చూసే ముందు నోరు పుక్కిలించడం ఆయన అలవాటు. కానీ గ్లాసు ఎస్తేరు ముందు పెట్టాడు. తర్వాత పళ్లెం కూడా ఆమె ముందుకే జరిపాడు.

కిందటేడు వచ్చిన జ్వరంలో ఆయన నాలుకకు రుచి పోయింది. ఆ సంగతి ఊళ్లో ఎస్తేరు ఒక్కదానికే తెలుసు. ఏడాదిగా ఆమె తిని చెప్పిందే ఆయన ఊరికి చెబుతున్నాడు. ఒక్కసారి కూడా, నిజమేనా అని అడగలేదు.

ఆమె పుక్కిలించి, ముందు తన కేకు తింది. మెత్తగా ఉంది. తర్వాత వకుళ కేకు. పళ్లు ఆనకముందే వెన్న కరిగింది. వెనకాలే నారింజ తొక్క వాసన. తీపి మొహం మొత్తకుండా చిటికెడు ఉప్పు. అడుగున ఒక పిసరు ఎక్కువ కాలింది. అది తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు.

"నేను రెండూ ఒకేచోటే పెట్టినా ఉస్తాద్" అంది.

"నేను రుచి అడిగినా బిడ్డా."

ఎస్తేరు పళ్లెం పక్కకు జరిపింది. ఆయన చేతులు కడుక్కుని, బన్నుల పిండి దగ్గరికి నడిచాడు.

"నాలుగింటికి విమలమ్మకు నువ్వే ఫోన్ చెయ్యి" అన్నాడు వెనక్కి తిరగకుండా. "నువ్వు ఏం చెప్తే అదే నా మాట."

పిండి బల్ల మీద పడిన చప్పుడు. మళ్లీ ఇంకోసారి.

ఎస్తేరు ఫోన్ తీసుకుని షట్టరు కింద నుంచి వంగి వీధిలోకి వచ్చింది. నాలుగవడానికి ఇంకా చాలా సేపుంది. ఉస్తాద్ మాటగా వకుళ పేరు చెప్పేస్తే చాలు. బడి కేకుల పని వకుళకే పోతుంది. కేకు ఎందుకట్లా గట్టిపడిందని ఎవరూ అడగరు. వకుళ మాత్రం ఇప్పుడు ఇంట్లో కూర్చుని, వెన్న ఎక్కువైందో, మంట ఎక్కువైందో అని తన చేతుల్నే తిట్టుకుంటూ ఉంటుంది.

విమలమ్మ నంబరు మీద నుంచి వేలు తీసేసింది. ముందు వకుళకు ఫోన్ చెయ్యాలి.