పదకొండో నంబరు బొమ్మ

హైమ బాధంతా ఎలుకల పొట్టలతోనే. క్యాన్సర్ గడ్డ ఉన్న ఎలుకకు రంగుమందు ఎక్కించి, మత్తిచ్చి, నల్లపెట్టెలో పడుకోబెడితే, కోత పెట్టకుండానే లోపలి గడ్డ వెలుగుతుంది. కెమెరా ఆ వెలుగును బొమ్మ తీస్తుంది. గడ్డ ఒక్కటే వెలగాలి. కానీ ఆమె తీసిన ప్రతి బొమ్మలోనూ పొట్ట కూడా వెలిగేది, గడ్డ అందులో కలిసిపోయేది. రెండేళ్లుగా ఇదే తంతు.

కెమెరా గది నేలమాళిగలో ఉంది. వెలుతురు పడకూడదు కనుక కిటికీలు లేవు. పొద్దున దిగితే సాయంత్రం దాకా హైమకు మాట్లాడే మనిషి ఉండదు. అలవాటైపోయిందని తనకు తానే చెప్పుకునేది గానీ, ఏమీ అలవాటు కాలేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా చాలా రోజులు మూత తియ్యకుండానే ఇంటికి పోయేది.

ఆ గురువారం మాత్రం పదకొండో నంబరు ఎలుక బొమ్మ పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కి గురువుగారి గదికి వెళ్లింది. కూర్మనాథం గారు ముప్పై ఏళ్లుగా ఆ పరిశోధనాలయంలో ఉన్నారు. పని ఎక్కువ, మాట తక్కువ.

"చూడండి సార్. గడ్డ ఒక్కటే వెలిగింది. పొట్ట నల్లగా ఉంది. రంగుమందు మోతాదు తగ్గించాను, అంతే. వ్యాసానికి ఈ బొమ్మ చాలు."

ఆయన చాలాసేపు చూశారు.

"మోతాదు కాక ఇంకేమైనా మార్చావా?"

"ఏం లేదు సార్. సూది గాటును మిగతావి కొరక్కుండా దీన్ని వేరే పంజరంలో పెట్టాను. మంగళవారం."

ఆయన లేచి కిందికి దిగారు. పదకొండో నంబరు పంజరం తొట్టిలోంచి మేత బిళ్ల ఒకటి తీసుకుని కెమెరా గదికి వచ్చారు. దాన్ని ఖాళీ నల్లపెట్టెలో పెట్టి తలుపు మూశారు.

"తియ్యమ్మా."

ఎలుక లేకుండా బొమ్మేమిటి, పెద్దాయనకు చాదస్తం ముదిరింది అనుకుంటూ హైమ మీట నొక్కింది.

తెర మీద మేత బిళ్ల వెలిగింది. రెండేళ్లుగా ఆమెను ఏడిపించిన వెలుగే అది.

"మేతలో ఆకుపొడి కలుపుతారు. ఆకులోని పచ్చదనం కూడా ఈ పెట్టెలో వెలుగుతుంది," అన్నారాయన.

హైమ కాసేపు తెర వంకే చూసి, పంజరాల గదికి పరిగెత్తింది. మంగళవారం పోసిన మేత దాదాపు పోసినట్టే ఉంది. ఎలుక బొచ్చు నిక్కబొడుచుకుని మూలకు ఒదిగి ఉంది. రెండు రోజులూ హైమ గడ్డనే కొలిచింది గానీ మేత తొట్టి వైపు చూడలేదు. ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

దాన్ని తీసి పాత పంజరంలో, అక్కచెల్లెళ్ల దగ్గర వదిలింది. అవి నాలుగూ వచ్చి వాసన చూశాయి. కిందా మీదా దూరి, అన్నీ ఒక్క ముద్దగా పడుకున్నాయి.

ఆమె కెమెరా గదికి తిరిగొచ్చాక, వెళ్లబోతూ గురువుగారు బల్ల మీది ఆమె అన్నం డబ్బా ఎత్తి చూశారు. బరువుగా ఉంది.

"ఇది పైకి పట్టుకురా. నేనూ ఇంకా తినలేదు."

సోమవారం మధ్యాహ్నం ఆయన గదిలో, అన్నాలు తింటూ, హైమ కొత్త బొమ్మ చూపించింది. పదకొండో నంబరుదే. పొట్టంతా ఒకటే వెలుగు. గడ్డ ఎక్కడుందో వెతుక్కోవాలి.

"బొమ్మ పాడైందా?" అన్నారాయన.

"తింటోంది సార్," అంది హైమ.