ఉయ్యూరు రోడ్డు మీద రేసు ఇంజిన్

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లవచ్చు, తలుపు తీసే ఉంది. కంకిపాడు సుభానీ మేస్త్రి కారు చప్పుడు విని, లోపల ఏ వాల్వు ఎంత అరిగిందో చెప్పడమే కాదు, ఆ కారు ఓనరు పొద్దున ఇంట్లో ఎవరితో పోట్లాడి వచ్చాడో కూడా చెప్పేవాడు. ఆయన బిగించిన బోల్టు మళ్లీ ఊడాలంటే ఆయనైనా రావాలి, భూకంపమైనా రావాలి. ఇందులో నేను కలిపిందేమీ లేదు, కొంత తగ్గించే చెబుతున్నాను. అంతటి మేస్త్రికి ఒక అలవాటుండేది. పాత కారు ఏది షెడ్డుకొచ్చినా, ఇంజిన్ మీద చెయ్యి వేసేముందు ఓనరు పక్కన కూర్చుని ఒక పూట తిరిగి వచ్చేవాడు. ఆ కారు కదలకపోతే ఓనరు వేరే బండిలోనైనా సరే. ఒళ్లో వేరుశెనక్కాయల పొట్లం ఉండేది, నోట్లో మాట ఉండేది కాదు.

శిష్యుడు ఏసుపాదం పన్నెండేళ్లుగా ఈ వైభోగం చూస్తున్నాడు. ముసలాయనకి ఊరికే షికారు కావాలి, అంతకుమించి ఇందులో ఏమీ లేదని అతని నిశ్చయం.

ఒక పుష్యమాసంలో విశాలాక్షి మేడం గారి కారు షెడ్డుకొచ్చింది. అరవై ఏళ్లనాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఎర్రటిది, రెండే సీట్లది. మేడం గారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంజిన్ పూర్తిగా అరిగిపోయింది, మొదటినుంచి కట్టాలి. మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఒరే ఏసుపాదం, ఇది నీదిరా. నేను వేలు కూడా పెట్టను. ఆవిడ ఇందులో ఉయ్యూరు వెళ్లి రావాలి. నీ పని నెగ్గిందంటే ఆ రోజునుంచి నిన్నూ మేస్త్రి అనే పిలుస్తాను."

పన్నెండేళ్లుగా ఏసుపాదం ఎదురుచూస్తున్నది ఆ ఒక్క పిలుపు కోసమే. మర్నాడు పొద్దున్నే గురువు ముందు నిలబడి అడిగాడు. "మేస్త్రిగారూ, ఇంజిన్‌కి అన్నిటికన్నా మంచి సామాను ఏది?"

"ముందు బిగించి తీసుకురా. అప్పుడు చెబుతా."

ఏసుపాదం ఆ మాటని అనుమతి కింద తీసుకున్నాడు. పక్క సీట్లో షికారు మానేసి, ఆ పూట కేటలాగులు తిరగేశాడు. వాల్వులు తెరిచి మూసే కామ్‌షాఫ్ట్, రేసు కార్లకి వేసేది తెప్పించాడు. కుండంత నోళ్లున్న కార్బురేటర్లు రెండు, నెత్తి ఎత్తుగా ఉన్న పిస్టన్లు నాలుగు, ఇంజిన్ ఊపు తగ్గకుండా చూసే చక్రం, అదే ఫ్లైవీలు, సగానికి సగం బరువు తగ్గించినది తెప్పించాడు. ఒక్కొక్కటీ ఒక్కొక్క వీరుడు. బల్లమీద గుడ్డ పరిచి వాటిని వరసగా పేరిస్తే పెళ్లికూతురి నగల్లా మెరిశాయి.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు కంకిపాడు పావురాలు లేచి గన్నవరం దాకా పోయాయి. వెనకింట్లో గుడ్డు పెట్టడం మానేసిన కోడి ఆ అదురుకి రెండు పెట్టింది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డుమీద ఏసుపాదం తొక్కితే, స్పీడు చూపించే ముల్లు అంకెలన్నీ దాటిపోయి ఇక చూపించడానికేమీ లేక వణుకుతూ నిలబడింది. అతని గుండె నిండిపోయింది.

ఆదివారం మేడం గారు స్టీరింగు ముందు కూర్చున్నారు. మేస్త్రి శిష్యుణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి, మేడం గారి అన్నం క్యారేజీ అతని ఒళ్లో పెట్టాడు. తను సైకిలు తీశాడు.

"సైకిలేంటండీ?" అన్నాడు ఏసుపాదం నవ్వుతూ. "మేం ఉయ్యూరు వెళ్లి తిరిగొచ్చేసరికి మీరు ఊరు దాటతారా?"

"చూద్దాంలే, పదండి."

చెరకు నరికే రోజులు. చక్కెర మిల్లుకి వెళ్లే ట్రాక్టర్లూ, ఎడ్లబళ్లూ రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. రేసు కామ్‌షాఫ్ట్ పెద్ద వేగంలో తప్ప ఒళ్లు విరుచుకోదు. నెమ్మదిగా నడిపితే నిద్రపోతుంది. ఎడ్లబండి వెనక కారు దగ్గింది, ఎగిరింది, ఆగింది. మేడం గారు మళ్లీ స్టార్టు చేశారు. మళ్లీ దగ్గింది. ఎగిరిన ప్రతిసారీ క్యారేజీలోంచి చారు ఏసుపాదం ప్యాంటుమీదికి వచ్చింది. క్లచ్చు మీద మేడం గారి ఎడమకాలు వణకడం అతను చూశాడు. అంతలో పక్కనుంచి గంట మోగింది. డెబ్బై రెండేళ్ల సుభానీ మేస్త్రి, అటూ ఇటూ చూడకుండా, ఆ వీరులందర్నీ సైకిలుమీద దాటుకుని వెళ్లిపోయాడు.

ముందు బండివాడు వెనక్కి తిరిగి, "ఎద్దు కావాలంటే చెప్పండి మేడం, ఒకటి విప్పి ఇస్తాను" అన్నాడు.

పదకొండోసారి కారు ఆగింది మిల్లు దగ్గరి చెరకురసం బండి ముందు. మేస్త్రి అప్పటికే అక్కడ స్టూలుమీద కూర్చుని రెండో గ్లాసు తాగుతున్నాడు.

మేడం గారు కోప్పడలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, "పందేలకి తోలేవాడికి ఇది బంగారం, ఏసుపాదం" అన్నారు. "నేను మా అక్కకి అన్నం తినిపించడానికి వెళ్తాను, నాయనా."

ఏసుపాదం తల వంచుకున్నాడు. గురువు వైపు తిరిగి, "ఇప్పుడు ఏ కామ్‌షాఫ్ట్ వెయ్యమంటారు?" అని అడిగాడు. మేస్త్రి అతనికి ఒక గ్లాసు ఇప్పించాడు, అంతే.

ఆ గ్లాసు పట్టుకుని ఏసుపాదం మేడం గారి దగ్గరికి వెళ్లాడు.

"ప్రతి ఆదివారం ఇదే రోడ్డాండీ?"

"ఇదే. ముప్పై దాటను. మూడో గేరు పైన ఏముందో నాకు తెలియదు."

"వానల్లోనో?"

"కాలవకట్ట మీదనుంచి వెళ్తాను. అక్కడ మొదటి గేరే."

"మీతో ఇంకెవరైనా ఎక్కుతారా?"

"ఒక్కోసారి అక్కని ఆస్పత్రికి తీసుకెళ్తాను. ఆవిడకి కుదుపు పడదు."

అతను అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ చెబుతూనే ఉన్నారు. గ్లాసులో ఐసు పూర్తిగా కరిగిపోయింది. చివరికి, "తిరిగి వెళ్లేటప్పుడు కూడా మీ పక్కనే కూర్చుంటానండి. ఎక్కడెక్కడ మీ కాలు ఏం చేస్తుందో చూడాలి" అన్నాడు. తర్వాత గురువు ముందుకి వచ్చి, చారు మరకల ప్యాంటుతో నిలబడ్డాడు.

"ఓడిపోయాను మేస్త్రిగారూ. ఇంజిన్ మొత్తం మళ్లీ విప్పాలి."

సుభానీ మేస్త్రి లేచి సైకిలు స్టాండు తీశాడు.

"కష్టమైన పని అయిపోయిందిగా. ఇంజిన్ సోమవారం విప్పుదురుగాని, మేస్త్రీ."

ఆ మాట అన్నప్పుడు పక్కన గ్లాసులు కడుగుతున్నవాడు చెరకురసం పిచ్చేశ్వరరావు. ఉయ్యూరు మిల్లు రోడ్డులో ఎవరినడిగినా చూపిస్తారు, వెళ్లి కనుక్కోండి.