ఐదో పేజీలో జ్వరం

"గురువుగారూ, పిల్లల కథలో ఆడిన అబద్ధం కూడా అబద్ధమేనా?" అని అడిగాడు ఎల్లమంద.

కొమ్మమూరు కాలువ గట్టున ఉన్న చిన్న ఆశ్రమంలో శరభయ్య గారు అప్పుడే స్నానం చేసి తడిపంచె ఆరేస్తున్నారు. ఎవరు ప్రశ్న అడిగినా ఆయన ముందు ఏదో ఒక పని చెబుతారు. పని చేస్తుండగా ప్రశ్న దానంతటదే తేలితే సరి, తేలకపోతే అప్పుడు మాట్లాడతారు. ఈ సంగతి తెలిసినవాళ్లు తీరిక చూసుకుని మరీ ప్రశ్నలు అడుగుతారు. ఎల్లమందకి ఆ రోజు తీరిక లేదు. సాయంత్రంలోగా ఒక మాట తేల్చి చెప్పాలి.

ఎల్లమంద కర్రసాము నేర్పే వస్తాదు. యాభై ఆరేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా పొద్దున నాలుగింటికి లేవడం మానలేదు, ఒక్క బీడీ ముట్టలేదు, నేర్చుకునేవాణ్ణి అనవసరంగా కొట్టలేదు, అవసరమైనప్పుడు వదిలిపెట్టనూ లేదు. అటువంటి మనిషికి పోయిన వానాకాలం మోకాలు వాచింది. నెల రోజులు కదలకుండా కూర్చోమన్నాడు డాక్టరు. అరుగు మీద కూర్చుని, ఏమీ తోచక, భార్య మాణిక్యం వాకిట్లో వేసే ముగ్గు చూశాడు. రోజూ చూశాడు. మోకాలు కాస్త వంగుతుండగానే ఒక పొద్దున పెరట్లోకి వెళ్లి నాలుగు చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలిక తిప్పాడు. కర్ర తిప్పేటప్పుడు మణికట్టు ఎలా తిరుగుతుందో ముగ్గుపిండితోనూ అలాగే తిరిగింది. మోకాలి వాపు పోయింది. ముగ్గు మీద సరదా మాత్రం పోలేదు. పెరటి గోడ చాటున, ఎవరి కంటా పడకుండా, రోజుకొకటి వేసి చెరిపేసేవాడు.

పక్కింటి హైమావతి టీచరు గోడ మీదుగా చూసింది. చూసి ఊరుకోకుండా పదహారు పేజీల బొమ్మల పుస్తకం తయారు చేసింది. పేరు 'కర్ర తాత ముగ్గు'. రంగులన్నీ తనే వేసింది. ఐదో పేజీలో తాత మొదటిసారి ముగ్గుపిండి పట్టుకున్న బొమ్మ గీసి, దాని కింద మాటల చోటు ఖాళీగా వదిలేసింది.

"తాతకి ముగ్గు మీద మనసెందుకు పోయిందో మీరే చెప్పాలి బాబాయి గారూ. మీరు ఏం చెబితే అదే రాస్తాను. రేపు సాయంత్రం ప్రెస్సులో ఇచ్చేస్తున్నాను" అంది.

వయసు మీరాక కొత్త సరదా పుడితే మనిషి ముందు దానికో సాకు వెతుకుతాడు. ఎల్లమంద వెతకాల్సిన పని కూడా లేకపోయింది. "అవ్వకి జ్వరం వచ్చింది, అందుకని తాత ముగ్గేశాడు. అలా రాసెయ్యమ్మా" అన్నాడు.

వంటింట్లోంచి మాణిక్యం గరిటెతో సహా బయటికి వచ్చింది. "గుండ్రాయిలా ఉన్నాను, నాకు జ్వరమేంటి? మీ సరదాకి నన్ను మంచాన పడేస్తారా?"

"బొమ్మల పుస్తకమే కదే!"

"బొమ్మల్లో అయినా సరే, నేను పడుకోను."

ఆడదాని మాట అని తీసిపారేద్దామనుకున్నాడు. రాత్రంతా ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. అయినా జ్వరాన్ని వదులుకోవడానికి ధైర్యం చాలలేదు. దానికి కారణం లారీల చెంచయ్య. ఆయన కొడుకులిద్దరూ ఎల్లమంద దగ్గరే కర్ర నేర్చుకుంటున్నారు. వాళ్లని చూసి ఊళ్లో మరో పదిమంది చేరారు. వస్తాదు సరదాకి ముగ్గులేస్తున్నాడని తెలిస్తే చెంచయ్య పిల్లల్ని మాన్పిస్తాడు. ఆయన మాన్పిస్తే మిగతావాళ్లూ మానేస్తారు. అయ్యకాలం నుంచి నడుస్తున్న కర్రసాము బడి, ఆ తాలింఖానా మూతపడుతుంది. కాబట్టి పొద్దున్నే ఆశ్రమానికి వచ్చాడు. సంగతంతా చెప్పి, ప్రశ్న అడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శరభయ్య గారు పంచె అంచు సరిచేసి, "పున్నమ్మ ఇప్పుడే కళ్లాపి చల్లింది. వాకిట్లో ఇంకా ముగ్గు పడలేదు. వెయ్యి" అన్నారు.

ఎల్లమంద గేటు వైపు చూశాడు. "ఇక్కడా? నలుగురూ వచ్చే చోటు గురువుగారూ!"

"నలుగురూ వస్తారనే ముగ్గు వాకిట్లో వేస్తారు."

గురువు మాట దాటడం ఎల్లమందకి తెలియదు. పిండి డబ్బా అందుకున్నాడు. ఎలాగూ పరువు పోతుంది, పోయేదేదో పెద్ద ముగ్గుతోనే పోనీ అనుకుని, పదిహేను చుక్కల్లో మొదలై ఎనిమిదికి దిగే ముగ్గు ఎత్తుకున్నాడు. పెరట్లో ఇంతవరకూ చిన్నవే వేశాడు. ఇదీ అంతేనని చుక్క కింద చుక్క నిలువుగా పెట్టుకుంటూ పోయాడు, సలాము వరుసలో కుర్రాళ్లని నిలబెట్టినట్టు. నాలుగు వరుసలు దిగేసరికి ముగ్గు ఒక పక్కకి ఒరిగిపోయింది.

ఆశ్రమంలో వంట చేసే పున్నమ్మ చేటలో బియ్యంతో బయటికి వచ్చి, చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయ్యా వస్తాదుగారూ, ఇది సందు చుక్క ముగ్గు. పై వరుసలో రెండు చుక్కలుంటే, వాటి సందులో పడాలి కింది చుక్క. తమరేమో చుక్కలతో కవాతు చేయించారు!"

ఎల్లమంద చెవులు ఎర్రబడ్డాయి. అతన్ని తప్పు పట్టినవాళ్లు ముప్పై ఏళ్లలో లేరు. శరభయ్య గారి వైపు చూశాడు. ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. మళ్లీ ముగ్గు వైపు చూశాడు. పున్నమ్మ చెప్పింది నిజమే.

"అంటే మధ్య వరుస పదిహేను పెట్టి, పైకీ కిందికీ సందుల్లో ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోవాలన్నమాట."

"అదీ!" అంది పున్నమ్మ.

అరచేత్తో అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చుక్కలు తేనెపట్టులా కూర్చుకుంటూ వచ్చాయి. వస్తాదు కళ్లు వాటి మీదే నిలిచిపోయాయి. గేటు చప్పుడు వినపడలేదు.

వచ్చినవాడు లారీల చెంచయ్య. అరటిగెల ఒకటి సమర్పించుకుందామని వచ్చి, వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఏం వస్తాదూ, ఇదేం అవతారం? ఇంట్లో చెల్లెమ్మకి ఒంట్లో బాగోలేదా ఏంటి?"

అబద్ధం ఆడే శ్రమ కూడా లేదు. ఎదుటివాడే తెచ్చి చేతిలో పెట్టాడు. తల ఊపితే చాలు. లోకంలో సగం అబద్ధాలు నోరు విప్పకుండానే ఆడేస్తారు మనుషులు. కాని ఎల్లమంద వేలు తొమ్మిదో చుక్క మీద ఉంది. మనసు లెక్కలో ఉంది.

"దానికేం, బాగానే ఉంది" అన్నాడు తల ఎత్తకుండా.

"మరి నీకీ పనేంటి?"

"నాకిష్టం."

"ఇష్టమా!" చెంచయ్య గెలని ఒక భుజం మీంచి మరో భుజానికి మార్చుకున్నాడు. "ముగ్గులేసే చేత్తోనా మావాళ్లకి కర్ర నేర్పేది? సోమవారం నుంచి వాళ్లు రారు."

అప్పుడు ఎల్లమంద తల ఎత్తాడు. తన నోటి నుంచి ఏం మాట వచ్చిందో అప్పుడు తెలిసింది. మాట వెనక్కి తీసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. చెంచయ్య కూడా దానికోసమే ఆగినట్టున్నాడు.

"నీ ఇష్టం చెంచయ్యా" అన్నాడు ఎల్లమంద నెమ్మదిగా. "కాస్త పక్కకి జరుగు. చుక్క మీద నిలబడ్డావు."

చెంచయ్య పాదాల వైపు చూసుకుని, జరిగి, గెల పున్నమ్మకి ఇచ్చి లోపలికి వెళ్లాడు. చెరిగిన చుక్క ఎల్లమంద మళ్లీ పెట్టాడు. పదిహేను నుంచి ఎనిమిదికి ఒక్క మెలిక తప్పకుండా ముగించి, చేతులు కడుక్కుని అరుగు దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, నేనడిగిన ప్రశ్న..."

శరభయ్య గారు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టారు.

"అది తర్వాత. ముందు ఇంటికి వెళ్లి మాణిక్యానికి చెప్పు, జ్వరం తగ్గిందని."