తొంభై సెకన్లు

డాక్టర్ సుభాషిణి దగ్గర పని నేర్చుకుంటున్న యువ డాక్టర్ ఫణికుమార్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్క పేషెంటుతోనే. మూర్ఛ రోగులకు ఆపరేషన్‌కు ముందు మెదడుకు కరెంటు పెట్టి చేసే పరీక్ష ఎంత సురక్షితమో చెబుతూ అతను వ్యాసం రాస్తున్నాడు. నలభై మందిలో ముప్పైతొమ్మిది మందికి ఏమీ కాలేదు. నలభయ్యో మనిషి సువార్తమ్మ.

చీరాల దగ్గర ఒక అంగన్‌వాడీలో ఆయా ఆమె. పద్దెనిమిదేళ్ళుగా మూర్ఛలు. ఏ మందుకూ లొంగలేదు. పుర్రె తెరిచి మెదడు మీద సన్నటి తీగలు అమర్చి, మళ్ళీ కుట్టేశారు. ఇక మంచం మీద మెలకువగా ఉన్నప్పుడు వాటిగుండా కొద్దికొద్దిగా కరెంటు పంపి, జబ్బు ఎక్కడ పుడుతోందో, మాట ఎక్కడ ఉందో కనిపెట్టాలి. మాట ఉన్న చోట కత్తి పెట్టకూడదు.

కరెంటు ఒక్కో మెట్టే పెంచాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, తెర మీద మెదడు గీతలు కుదుటపడేదాకా చూడాలి. డాక్టర్ సుభాషిణి తన శిష్యులకు నేర్పే మొదటి పాఠం అదే. ఆ రోజు ఆలస్యమవుతోందని ఫణి రెండు మెట్లు ఒకేసారి పెంచాడు.

"గొడుగు... బిందె..." అని, మాట పరీక్ష కోసం చూపిస్తున్న బొమ్మల పేర్లు చెబుతున్న సువార్తమ్మ బిగుసుకుపోయింది. ఒళ్ళంతా కొట్టుకుంది. పక్క తడిసింది. మందు ఎక్కిస్తే తొంభై సెకన్లకు ఆగింది. భర్త దానియేలు గోడకు ఆనుకుని అంతా చూశాడు.

మర్నాడు ఫణి తన వ్యాసం తెచ్చి సుభాషిణి ముందు పెట్టాడు. ఆమె చివరిదాకా చదివింది.

"రెండు మెట్లు పెంచిన సంగతి లేదే?"

"అది రాస్తే పరీక్షనే తప్పుపడతారు మేడమ్. ఆమెకు శాశ్వతంగా ఏ హానీ జరగలేదుగా."

ఆమె వాదించలేదు. కాగితాలు తీసుకుని సువార్తమ్మ మంచం దగ్గరికి నడిచింది. ఫణి వెనకే వెళ్ళాడు.

"నీ గురించి రాశాడమ్మా. విను," అని కాగితం అతని చేతికిచ్చింది. "తెలుగులో చెప్పు."

ఫణి తెలుగు చేసి చదివాడు. "ఒక రోగికి ఒక్కసారి మూర్ఛ వచ్చింది. తొంభై సెకన్లలో తగ్గింది. చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ లేదు."

కట్టు కట్టిన తల ఇటు తిప్పి ఆమె అడిగింది. "ఎవరి గురించి బాబూ?"

"మీ గురించేనమ్మా."

మూర్ఛలో కరుచుకుని నాలుక తెగి ఉండటంతో సువార్తమ్మ మాట ముద్దగా వచ్చింది.

"నాకు వచ్చేముందు తెలుస్తది. లోపలికెళ్ళి తలుపేసుకుంటా. కాసేపు తెలివి లేకుండా కూర్చుంటా, అంతే. ఇంత పెద్దది ఎప్పుడూ రాలా. ఆయన ముందు ఏనాడూ పక్క తడుపుకోలా. పోగొట్టుకుందామని మీ కాడికొస్తే, మీరే తెప్పించారు."

ఫణి తల వంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. తొందరపడి ఎక్కువ పెంచాను."

"మరి ఆ ముక్క చదవలేదే?"

ఫణి కాగితం మడతపెట్టాడు.

"తీగలు తీసెయ్యండి," అందామె.

ఆపరేషన్ అయితే జబ్బు పోయే అవకాశం చాలా ఉందని సుభాషిణి మంచం పక్కన కూర్చుని గంటసేపు చెప్పింది. దానియేలు బతిమాలాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు, తలమీది కుట్లతో, తెచ్చుకున్న జబ్బును తెచ్చుకున్నట్టే తీసుకుని సువార్తమ్మ ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగేదాకా ఫణి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మళ్ళీ వస్తుందా మేడమ్?"

"నువ్వైతే వస్తావా?" అంది సుభాషిణి.