పెరిగిన గుట్ట

రాడార్ పటం చూస్తే నేల కదల్లేదు. కాలనీలో మాత్రం తలుపులు మూతపడటం లేదు. ఓదెలుకు వచ్చిపడ్డ తిప్పలు ఇవీ.

పాత బొగ్గుబాయి మీద కట్టిన కాలనీ అది. గోడలు బీటలిస్తుంటే జనం హడలిపోయి బడిలో తలదాచుకున్నారు. ఏడాది పొడుగునా ఉపగ్రహం పంపిన రాడార్ చిత్రాలను పోల్చి, నేల ఎక్కడ ఎంత కుంగిందో తేల్చే పని ఓదెలుది. కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూశాడు. కాలనీ అంతా పచ్చరంగే వచ్చింది. ఏ భయమూ లేదని రాసిచ్చాడు. ఆ మాట నమ్మి జనం ఇళ్లకు తిరిగొచ్చారు. కుర్రాడి తెలివికి వంక పెట్టలేం గానీ, ఆ నేల మీద అతను ఒక్కసారైనా కాలు పెట్టలేదు.

జనం ఇంకా ఉత్తపుణ్యానికి భయపడుతున్నారని, తనకు విద్య నేర్పిన రహమతుల్లా సార్ దగ్గర మొత్తుకున్నాడు. ఆయన చెప్పులు తొడుక్కుని, ల్యాప్‌టాప్ పట్టుకుని వెంట రమ్మన్నాడు.

కాలనీలో ముసురు పట్టి ఉంది. సమ్మక్క అనే ఆమె ఇద్దరినీ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. బీటలిచ్చిన గోడ పక్కనే ఉయ్యాలలో ఆమె బిడ్డ నిద్రపోతోంది.

"మీ మాట మీదనే ఇంటికొచ్చినం సారూ," అంది ఓదెలుతో. "సల్లగుండాలె మీరు."

ఓదెలు పొంగిపోయాడు.

గురువు పటం తెరవమన్నాడు. వాకిట్లోంచి కనబడే రాళ్లగుట్టను చూపించి, పటంలో అదెక్కడుందని అడిగాడు. దాన్ని తీసేశానన్నాడు ఓదెలు. లెక్క తప్పిందట, నెలనెలా గుట్ట పైకి లేస్తున్నట్టు వచ్చిందట.

గురువు గుట్ట వంకే చూస్తూ టీ తాగాడు.

"గుట్టలు పెరుగుతయా, ఓదెలూ?"

ఓదెలు పటం వంక మళ్లీ చూశాడు. కదలదనుకున్న చోట ఒక చుక్క పెట్టి, దానితో పోల్చి మిగతా నేలను కొలుస్తారు. చిత్రంలో బాగా మెరుస్తోందని అతను ఆ చుక్కను కాలనీ నడుమ నీళ్లట్యాంకు మీద పెట్టాడు. ఆ ట్యాంకు కింద కూడా బొగ్గుబాయే ఉంది. ట్యాంకూ ఇళ్లూ కలిసే దిగిపోతున్నాయి. అందుకే పటంలో ఇళ్లు కదలనట్టు, గుట్ట లేస్తున్నట్టు కనబడింది.

చుక్కను గుట్ట మీదికి జరిపాడు. గుట్ట కదలకుండా నిలబడింది. కాలనీ మొత్తం ఎర్రబడింది.

"రేపే కొత్త రిపోర్టు పంపిస్తా సార్," అన్నాడు.

గురువు ఉయ్యాలలోంచి బిడ్డను తీసి తల్లి చేతికిచ్చాడు. బయటికి మోసేందుకు నులకమంచం ఒక కొస లేపి పట్టుకున్నాడు.

"మళ్లా ఎటు పోవాలె సారూ?" సమ్మక్క ఓదెలునే అడిగింది.

అతను ల్యాప్‌టాప్ మూశాడు. బయట ముసురు ఇంకా పడుతూనే ఉంది.

"చుక్కను జరిపినవు గదా," అన్నాడు గురువు. "ఆ కొస పట్టు."